‘లేదు’ ఒక జవాబు, ‘చూడలేకపోయాను’ ఇంకొక జవాబు

మీ ప్రశ్నను ముందు నా మాటల్లో చెబుతాను, తర్వాత చదివేవారికి కూడా విషయం తెలుస్తుంది. ఫోను నంబరు ఇస్తే కస్టమర్ రికార్డును డేటాబేస్‌లో వెతికి తెచ్చే జావా మెథడ్, అంటే ఒక పని చేసిపెట్టే కోడ్ ముక్క, మీ దగ్గర ఒకటి ఉంది. మొదట్లో దాని సిగ్నేచర్‌లో, అంటే మెథడ్‌ను ప్రకటించే లైనులో, ‘థ్రోస్ ఎస్‌క్యూఎల్‌ఎక్సెప్షన్’ అని ఉండేది: డేటాబేస్ పని విఫలమైతే ఆ లోపాన్ని ఎక్సెప్షన్‌గా పైకి విసురుతాను అని దాని అర్థం. కాల్ చేసిన ప్రతిచోటా దాన్ని పట్టుకునే ట్రై, క్యాచ్ బ్లాకులు రాయలేక విసిగిపోయి మీరు దాన్ని మార్చారు. ఇప్పుడు అది ఆప్షనల్, అంటే లోపల విలువ ఉండవచ్చు, లేకపోవచ్చు అనే డబ్బా, ఇస్తోంది. లోపల ఎస్‌క్యూఎల్‌ఎక్సెప్షన్ వస్తే అక్కడే క్యాచ్ చేసి, లాగ్‌లో ఒక లైను రాసి, ఖాళీ ఆప్షనల్ తిరిగి ఇస్తోంది. మీ సీనియర్ దీన్ని ఒప్పుకోలేదు. ఆప్షనల్ వచ్చాక చెక్‌డ్ ఎక్సెప్షన్లతో, అంటే పట్టుకోవాలనో ప్రకటించాలనో కంపైలర్ పట్టుబట్టే ఎక్సెప్షన్లతో, పనేమిటని మీరు అడుగుతున్నారు.

ఆప్షనల్ పెట్టడం సరైన పనే. క్యాచ్ బ్లాకులో ఖాళీ ఆప్షనల్ ఇవ్వడం మాత్రం తప్పు, ఆ ఒక్క లైను వెంటనే తీసేయండి. మీ సీనియర్ అభ్యంతరం ఆ లైను గురించే అయితే ఆయన మాట వినండి. అసలు ఆప్షనలే వద్దని అంటే అది సరికాదు. ఈ రెండింటిలో ఒకదాన్నే ఎంచుకోవాలన్న నియమం ఎక్కడా లేదు. ఒకే మెథడ్ ఆప్షనల్ ఇవ్వవచ్చు, అదే మెథడ్ ఎక్సెప్షన్ త్రో చేయవచ్చు. మీ మెథడ్‌కు కావలసింది అదే.

ఎందుకో చెబుతాను. పక్క ఊరి నుంచి ఒక పెద్దమనిషిని పిలుచుకు రమ్మని పిల్లవాణ్ణి పంపామనుకోండి. వాడు తిరిగి వచ్చి, ‘ఇంటికి వెళ్ళి అడిగాను, ఆయన ఊళ్ళో లేరట’ అని చెప్పవచ్చు. లేదా, ‘వాగు పొంగింది, అవతలికి వెళ్ళలేకపోయాను’ అని చెప్పవచ్చు. రెండుసార్లూ పెద్దమనిషి రాలేదు. కానీ మొదటి మాట వింటే ఆయన లేకుండానే పని మొదలుపెడతాం, రెండో మాట వింటే వాగు తగ్గేదాకా ఆగుతాం. వాగు పొంగిన రోజున కూడా వాడు ‘ఆయన ఊళ్ళో లేరు’ అని చెబితే అది అబద్ధం. మీ క్యాచ్ బ్లాకు చెబుతున్నది ఆ అబద్ధమే.

నేను దీన్ని ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. చాలా ఏళ్ళ క్రితం ఒక ఆసుపత్రి రిజిస్ట్రేషన్ సాఫ్ట్‌వేర్ మీద పనిచేశాను. పేషెంటు కౌంటరు దగ్గరకు రాగానే ఫోను నంబరు అడుగుతారు. ఆ నంబరుతో రికార్డు దొరికితే పాత పేషెంటు నంబరు తెర మీదకు వస్తుంది, దొరకకపోతే కొత్త నంబరు పుడుతుంది. వెతికే మెథడ్ అచ్చం మీరు రాసినట్లే ఉండేది. ఒక సోమవారం ఉదయం, ఓపీ రద్దీ బాగా ఉన్న వేళ, డేటాబేస్ కనెక్షన్లు అన్నీ అయిపోయాయి. వెతికే మెథడ్‌కు కొద్ది నిమిషాలపాటు కనెక్షన్ దొరకలేదు. ఎస్‌క్యూఎల్‌ఎక్సెప్షన్ వచ్చింది, క్యాచ్ అయింది, లాగ్‌లో ఒక లైను పడింది, ఖాళీ ఆప్షనల్ బయటకు వచ్చింది. పై కోడ్ దానికి తెలిసిన పనే చేసింది: పేషెంటు లేడు కాబట్టి కొత్త నంబరు ఇచ్చింది. ఆ నంబరు సేవ్ చేసే వేళకు ఏదో ఒక కనెక్షన్ విడుదలయ్యేది కనుక కొత్త రికార్డు మాత్రం చక్కగా సేవ్ అయ్యేది.

ఎవరికీ ఏ ఎర్రర్ కనబడలేదు. మూడో రోజున ఒక డాక్టరు అడిగారు: ఈమెకు పోయిన నెలలోనే పెన్సిలిన్ పడదని రాశాను, ఇప్పుడు ఆ ఎలర్జీ వివరం కనబడటం లేదేమిటని. ఆమెకు రెండు నంబర్లు ఉన్నాయని అప్పుడు తెలిసింది. పాత చరిత్ర ఒక నంబరులో, కొత్త చీటీ ఇంకొక నంబరులో. ఆమె తానే గుర్తు చేసి చెప్పడం వల్ల ప్రమాదం తప్పింది. అలా రెండేసి నంబర్లు పడిన పేషెంట్లందరి రికార్డులను ఒక్కొక్కటిగా సరిపోల్చి కలపడానికి వారాలు పట్టింది. ల్యాబ్ రిపోర్టులు ఏ నంబరు మీద ఉన్నాయో, బిల్లులు ఏ నంబరు మీద పడ్డాయో చూసి చూసి కలిపాం. ఆ పని చేసిన తర్వాత క్యాచ్ బ్లాకులో ఖాళీ ఆప్షనల్ కనబడితే దాన్ని దాటి వెళ్ళలేను.

ఈ తేడాను జావా లైబ్రరీ రాసినవారు కూడా అనుభవం మీదే పట్టుకున్నారు. పాత ఫైల్ క్లాసును చూడండి. డిలీట్ మెథడ్ విఫలమైతే ఫాల్స్ వస్తుంది, అంతే. ఫైలు లేదా, అనుమతి లేదా, డైరెక్టరీ ఖాళీగా లేదా, ఏదీ తెలియదు. లిస్ట్‌ఫైల్స్ మెథడ్ అయితే అది డైరెక్టరీ కాకపోయినా నల్, అంటే ‘ఏ విలువా లేదు’ అనే గుర్తు, ఇస్తుంది, చదవడంలో లోపం వచ్చినా నల్లే ఇస్తుంది. ఫైల్‌ఇన్‌పుట్‌స్ట్రీమ్ తెరిచేటప్పుడు ఫైలు లేకపోతే ఫైల్‌నాట్‌ఫౌండ్‌ఎక్సెప్షన్ వస్తుంది. చదివే అనుమతి లేకపోయినా అదే వస్తుంది. ఫైలు కళ్ళ ఎదుటే ఉండగా ‘దొరకలేదు’ అనే పేరున్న ఎక్సెప్షన్‌ను చూసి తలపట్టుకున్నవారు చాలామందే ఉంటారు.

2011లో జావా 7తో వచ్చిన కొత్త ఫైల్స్ క్లాసులో దీన్ని విడదీశారు. ఫైలు లేకపోతే నోసచ్‌ఫైల్‌ఎక్సెప్షన్, అనుమతి లేకపోతే యాక్సెస్‌డినైడ్‌ఎక్సెప్షన్. డిలీట్ విఫలమైతే కారణంతో సహా ఎక్సెప్షన్ వస్తుంది. దాని పక్కనే డిలీట్‌ఇఫ్‌ఎగ్జిస్ట్స్ అని ఇంకొక మెథడ్ పెట్టారు. ఫైలు లేకపోతే అది మామూలుగా ఫాల్స్ ఇస్తుంది, మిగతా అన్ని లోపాలకూ ఐఓఎక్సెప్షన్ త్రో చేస్తుంది. ఇది మీ ప్రశ్నకు అద్దం పట్టినట్టు సరిపోయే మెథడ్. లేకపోవడం ఒక సాధారణ ఫలితం కనుక రిటర్న్ విలువలో వచ్చింది. పని చేయలేకపోవడం లోపం కనుక ఎక్సెప్షన్‌గా వచ్చింది.

ఆ క్లాసులోనే ఎగ్జిస్ట్స్, నాట్‌ఎగ్జిస్ట్స్ అనే రెండు మెథడ్లు ఎందుకున్నాయా అని మీకు ఎప్పుడైనా అనుమానం వచ్చిందా? ఒకటి ఉంటే దాని ముందు ఆశ్చర్యార్థకం (జావాలో ‘కాదు’ అనే గుర్తు) పెట్టుకుంటే సరిపోతుంది కదా అనిపిస్తుంది. సరిపోదు. ఫైలు ఉందో లేదో నిర్ధారించలేని స్థితిలో ఎగ్జిస్ట్స్ కూడా ఫాల్స్ ఇస్తుంది, నాట్‌ఎగ్జిస్ట్స్ కూడా ఫాల్స్ ఇస్తుంది. రెండూ ఫాల్స్ అయితే ‘నాకు తెలియలేదు’ అని అర్థం. నేను కొత్తగా చేరినవారికి ఆప్షనల్ గురించి చెప్పేముందు ఈ రెండు మెథడ్ల డాక్యుమెంటేషన్ చదవమంటాను.

ఇక ఆప్షనల్ ఏ పనికి వచ్చిందో చూద్దాం. 2014 మార్చిలో జావా 8 వచ్చినప్పుడు స్ట్రీమ్‌లతో, అంటే జాబితాలోని అంశాలను వరుసగా వడకట్టి మార్చే పద్ధతితో, పాటు ఇదీ వచ్చింది. ఒక జాబితాలో షరతుకు సరిపోయే మొదటి అంశాన్ని ఇమ్మంటే, అసలు ఏదీ సరిపోకపోతే ఏం ఇవ్వాలి? ఖాళీ జాబితాలో గరిష్ఠ విలువ ఏమిటి? నల్ ఇస్తే చూడటం మరిచిపోతారు. అందుకే ‘ఫలితం ఉండకపోవచ్చు’ అన్న మాటను రిటర్న్ టైపులోనే రాసేశారు. మెథడ్ ఫలితం లేకపోవడాన్ని స్పష్టంగా చెప్పవలసిన చోట, నల్ వల్ల తప్పులు జరిగే అవకాశం ఉన్న చోట, రిటర్న్ టైపుగా వాడటమే దీని ప్రధాన ఉద్దేశం అని డాక్యుమెంటేషన్‌లోనే ఉంది. ఆప్షనల్ సీరియలైజ్ కాదు కూడా (దాన్ని బైట్లుగా మార్చి దాచలేం), కనుక క్లాసు ఫీల్డుల్లో పెట్టుకోకండి. మెథడ్ పారామీటరుగానూ వద్దు.

ఆప్షనల్‌లో కారణానికి చోటు లేదు. ఖాళీ అంటే ఖాళీయే. ఎందుకు ఖాళీ అని దాన్ని అడగలేరు. అడగవలసిన అవసరమే లేని చోట దాన్ని వాడితే కోడ్ ఎంతో హాయిగా ఉంటుంది.

చెక్‌డ్ ఎక్సెప్షన్ సంగతి దీనికి భిన్నం. జావా 1.0 విడుదలైన 1996 నుంచీ అది భాషలో ఉంది. ‘ఈ పనిలో బయటి ప్రపంచం అడ్డుపడవచ్చు, ఏం చేస్తావో ఇప్పుడే చెప్పు’ అని కంపైలర్ చేత అడిగించడం దాని ఉద్దేశం. ఈ తనిఖీ అంతా కంపైలర్‌దే. ప్రోగ్రామును నడిపే జేవీఎంకు చెక్‌డ్, అన్‌చెక్‌డ్ (కంపైలర్ అడగనిది) అనే తేడాయే తెలియదు. తర్వాత వచ్చిన సీ షార్ప్, కోట్లిన్ భాషలు ఈ నియమాన్ని పెట్టుకోలేదు. దాని వెనుక బలమైన కారణాలు ఉన్నాయి, వాటిలో సగం మీరు అనుభవించిన విసుగే.

ఆ విసుగు న్యాయమైనదని నేను ఒప్పుకుంటాను. జావా లైబ్రరీలోనే చెక్‌డ్ ఎక్సెప్షన్‌ను పెట్టకూడని చోట పెట్టిన ఉదాహరణలు ఉన్నాయి. స్ట్రింగ్‌ను యూటీఎఫ్-8 బైట్లుగా మార్చడానికి ఎన్‌కోడింగ్ (అక్షరాలను బైట్లుగా రాసే పద్ధతి) పేరును స్ట్రింగ్‌గా ఇస్తే, అన్‌సపోర్టెడ్‌ఎన్‌కోడింగ్‌ఎక్సెప్షన్‌ను పట్టుకోమని కంపైలర్ పట్టుబడుతుంది. ప్రతి జావా అమలులోనూ యూటీఎఫ్-8 ఉండి తీరాలని నిబంధన ఉంది. అంటే ఎన్నటికీ రాని ఎక్సెప్షన్ కోసం ఏళ్ళ తరబడి అందరం ఖాళీ క్యాచ్ బ్లాకులు రాశాం. జావా 6లో పేరుకు బదులు ఛార్‌సెట్‌నే ఇచ్చే రూపం, జావా 7లో స్టాండర్డ్‌ఛార్‌సెట్స్ వచ్చాక గానీ ఆ బాధ పూర్తిగా తీరలేదు. నిజానికి ఆ ఏళ్ళలో జరిగిన అసలు నష్టం ఆ నాలుగు లైన్ల టైపింగ్ కాదు. క్యాచ్ బ్లాకును ఖాళీగా వదిలేయడం చేతికి అలవాటైపోయింది, నిజంగా వచ్చే ఎక్సెప్షన్ల దగ్గర కూడా చెయ్యి అదే రాసేసింది.

అందుకని ఎక్సెప్షన్ చెక్‌డ్‌గా ఉండాలా, అన్‌చెక్‌డ్‌గా ఉండాలా అన్నప్పుడు నేను అడిగే ప్రశ్న ఒకటే. కాల్ చేసిన కోడ్ ఎంత జాగ్రత్తగా ఉన్నా ఈ లోపం రావచ్చా, వస్తే ఆ కోడ్ దగ్గర చేయదగిన పని ఏదైనా ఉందా? రెండింటికీ అవునంటేనే చెక్‌డ్. మా ఆసుపత్రి కౌంటరులో చేయదగిన పని ఉంది: ‘రికార్డులు అందుబాటులో లేవు, మళ్ళీ ప్రయత్నించండి’ అని చూపించి, అత్యవసరమైతే తాత్కాలిక చీటీ ఇవ్వడం. కాబట్టి అక్కడ చెక్‌డ్‌గానే ఉంచాం. కౌంటరు తెర రాసేవారు ఆ దారిని మరిచిపోకుండా కంపైలర్ గుర్తు చేసేది. మీది వెబ్ అప్లికేషన్ అయి, డేటాబేస్ పడిపోతే అన్ని పేజీలూ ఒకే ఎర్రర్ చూపించేటట్లయితే, అన్‌చెక్‌డ్ చేసి పైన ఒక్కచోట పట్టుకోండి. స్ప్రింగ్ అనే జావా ఫ్రేమ్‌వర్క్‌లోని జేడీబీసీ టెంప్లేట్ చేసేది కూడా ఇదే. ఎస్‌క్యూఎల్‌ఎక్సెప్షన్‌ను అది అన్‌చెక్‌డ్ అయిన డేటాయాక్సెస్‌ఎక్సెప్షన్ కుటుంబంలోకి మారుస్తుంది. స్ప్రింగ్ డేటాలో ఫైండ్‌బైఐడీ ఆప్షనల్ ఇస్తుంది, డేటాబేస్ అందకపోతే ఎక్సెప్షన్ త్రో చేస్తుంది. రెండూ ఒకే మెథడ్‌లో పక్కపక్కనే ఉన్నాయి చూడండి.

స్ప్రింగ్ వాడుతుంటే ఇంకొక సంగతి. ట్రాన్సాక్షనల్ అనొటేషన్ పెట్టిన మెథడ్‌లోంచి అన్‌చెక్‌డ్ ఎక్సెప్షన్ బయటకు వెళితే రోల్‌బ్యాక్ అవుతుంది, అంటే డేటాబేస్‌లో అప్పటిదాకా చేసిన మార్పులు రద్దవుతాయి. చెక్‌డ్ ఎక్సెప్షన్ వెళితే మామూలుగా రోల్‌బ్యాక్ కాదు, కమిట్ అయిపోతుంది. రోల్‌బ్యాక్‌ఫర్ అని విడిగా రాయాలి. మీ మెథడ్ ఖాళీ ఆప్షనల్ ఇచ్చే పద్ధతిలో అయితే ఎక్సెప్షనే బయటకు రాదు కనుక సగం జరిగిన పని సగంగానే నిలిచిపోతుంది.

ఇప్పుడు మీ మెథడ్‌ను ఎలా మార్చాలో చెబుతాను. రిటర్న్ టైపు ఆప్షనల్ ఆఫ్ కస్టమర్‌గానే ఉంచండి. ట్రై బ్లాకులో రిజల్ట్‌సెట్‌లో, అంటే క్వెరీ తెచ్చిన ఫలితంలో, వరుస ఉంటే ఆప్షనల్ డాట్ ఆఫ్, వరుస లేకపోతే ఆప్షనల్ డాట్ ఎంప్టీ. ఖాళీ ఆప్షనల్ పుట్టవలసిన చోటు ప్రపంచంలో ఆ ఒక్కటే: క్వెరీ నడిచింది, జవాబు వచ్చింది, అందులో వరుస లేదు. క్యాచ్ బ్లాకులో మీ సొంత ఎక్సెప్షన్ ఒకటి త్రో చేయండి, ‘కస్టమర్ రికార్డులు అందుబాటులో లేవు’ అన్న అర్థం వచ్చే పేరుతో. పై కోడ్‌కు ఎస్‌క్యూఎల్ సంగతి తెలియనక్కర లేదు, రేపు అదే సమాచారం ఇంకొక సర్వీసు నుంచి వచ్చినా పై కోడ్ మారదు. అయితే పాత ఎక్సెప్షన్‌ను కొత్తదాని కన్‌స్ట్రక్టర్‌కు కారణంగా తప్పక ఇవ్వండి. మెసేజ్ మాత్రమే ఇచ్చి కారణాన్ని వదిలేస్తే, అర్ధరాత్రి లాగ్ చూసేవారికి అసలు లోపం ఏ లైనులో పుట్టిందో చెప్పే స్టాక్ ట్రేస్ పోతుంది. ఎక్సెప్షన్‌ను త్రో చేస్తున్నప్పుడు అక్కడే లాగ్ కూడా రాయకండి. ఎవరు పట్టుకుంటే వారు రాస్తారు, లేకపోతే ఒకే లోపం లాగ్‌లో నాలుగుసార్లు కనబడి నాలుగు లోపాలనిపిస్తుంది.

కాల్ చేసే వైపు కూడా ఒక గొయ్యి ఉంది. మీ ప్రశ్నలో పెట్టిన కోడ్‌లో ‘ఆర్‌ఎల్స్’ (ఆప్షనల్ ఖాళీ అయితే బదులు విలువ ఇచ్చేది) అని రాసి, బ్రాకెట్లలో కొత్త కస్టమర్‌ను సృష్టించే మెథడ్‌ను కాల్ చేశారు. బ్రాకెట్లలోని ఆర్గ్యుమెంటును జావా ముందే లెక్కకడుతుంది. అంటే కస్టమర్ దొరికినా సరే ఆ సృష్టించే మెథడ్ నడుస్తుంది, దాని ఫలితాన్ని మాత్రం పక్కన పారేస్తారు. ఆ మెథడ్ డేటాబేస్‌లో వరుస చేర్చేది అయితే ఉన్న ప్రతి కస్టమర్‌కూ ఒక నకలు పుడుతుంది. అక్కడ ‘ఆర్‌ఎల్స్‌గెట్’ వాడి లాంబ్డా (తర్వాత నడపడానికి ఇచ్చే పేరులేని చిన్న కోడ్) ఇవ్వండి, అవసరమైతేనే నడుస్తుంది. సున్నా, ఖాళీ స్ట్రింగ్ వంటి సిద్ధంగా ఉన్న విలువలకే ‘ఆర్‌ఎల్స్’ సరిపోతుంది. మీ డేటాబేస్‌లో ఇప్పటికే నకళ్ళు ఉన్నాయేమో ఈ రోజే ఒకసారి చూడండి.

విలువ ఉండి తీరవలసిన చోట ఆప్షనల్ మీద ‘గెట్’ అని రాయకండి. జావా 10 నుంచి ఆర్గ్యుమెంటు లేని ‘ఆర్‌ఎల్స్‌త్రో’ ఉంది. చేసే పని ఒకటే, కానీ ఇక్కడ ఎక్సెప్షన్ రావచ్చని పేరే చెబుతుంది. సరైన మెసేజ్‌తో మీ సొంత ఎక్సెప్షన్ ఇచ్చే రూపం జావా 8 నుంచీ ఉంది, నేను ఎక్కువగా వాడేది అదే.

లాంబ్డాల లోపల చెక్‌డ్ ఎక్సెప్షన్ రానివ్వరన్న మీ ఫిర్యాదు గురించి. ఫంక్షన్ ఇంటర్‌ఫేస్‌లోని అప్లై మెథడ్ ఏ చెక్‌డ్ ఎక్సెప్షన్‌నూ ప్రకటించదు, అందుకే స్ట్రీమ్ మ్యాప్‌లో ఫైలు చదివే మెథడ్ పెడితే కంపైల్ కాదు. ఇక్కడే చాలామంది లోపల క్యాచ్ చేసి ఖాళీ ఆప్షనల్ ఇచ్చి, తర్వాత ఖాళీలను వడకట్టేస్తారు. వంద ఫైళ్ళలో ఏడు చదవలేకపోతే తొంభై మూడింటి మొత్తం వస్తుంది, అది సరైన మొత్తమని అందరూ నమ్ముతారు. దానికి బదులు మామూలు ఫర్ లూప్ రాయండి. అందులో ఎక్సెప్షన్ తన దారిన తాను బయటకు వెళుతుంది, ఫర్ లూప్ రాయడం వెనుకబాటుతనం ఏమీ కాదు. స్ట్రీమే కావాలంటే లోపల అన్‌చెక్‌డ్‌ఐఓఎక్సెప్షన్‌లో చుట్టి, స్ట్రీమ్ బయట దాన్ని పట్టుకుని, లోపలి ఐఓఎక్సెప్షన్‌ను బయటకు తీసి మళ్ళీ త్రో చేయండి. జావా 8లో ఆ క్లాసు వచ్చింది ఈ అవసరం కోసమే. ఫైల్స్ డాట్ లైన్స్ కూడా తెరిచేటప్పుడు ఐఓఎక్సెప్షన్, మధ్యలో చదువుతుండగా లోపం వస్తే అన్‌చెక్‌డ్‌ఐఓఎక్సెప్షన్ ఇస్తుంది.

మూడో రకం సందర్భం ఒకటి మిగిలింది. వాడుకరి పుట్టిన తేదీ టైపు చేశాడు, అది తప్పు. ఇక్కడ ఆప్షనల్ ఇస్తే ‘తప్పు’ అని మాత్రమే చెప్పగలరు, ఫిబ్రవరికి 30 వేశాడా, నెల మరిచిపోయాడా అన్నది పోతుంది. ఎక్సెప్షన్ వాడితే, రోజూ వందలసార్లు జరిగే మామూలు విషయానికి పెద్ద హడావిడి అవుతుంది. ఇటువంటి చోట నేను సీల్డ్ ఇంటర్‌ఫేస్, అంటే ఏయే రకాలు ఉండవచ్చో ముందే గిరిగీసిన టైపు, వాడతాను: ‘సరైన తేదీ’ ఒక రికార్డు, ‘చెల్లని తేదీ, దానికి కారణం’ ఇంకొక రికార్డు. సీల్డ్ క్లాసులు జావా 17లో, వాటి మీద స్విచ్‌లో ప్యాటర్న్‌లు జావా 21లో స్థిరపడ్డాయి. ఒక రకాన్ని మరిచిపోతే కంపైలరే ఆపుతుంది. మీరు ఇంకా పాత వెర్షన్‌లోనే ఉంటే దీన్ని ప్రస్తుతానికి పక్కన పెట్టండి, మీ మెథడ్‌కు ఇది అవసరం లేదు.

మీ ప్రాజెక్టులో క్యాచ్ బ్లాకు లోపల ఆప్షనల్ డాట్ ఎంప్టీ, రిటర్న్ నల్, ఖాళీ లిస్టు ఉన్న చోట్లన్నీ వెతకండి. అన్నీ తప్పు కావు. ఉదాహరణకు, కాష్‌లోంచి (త్వరగా అందడానికి దగ్గర పెట్టుకున్న నకలులోంచి) చదవడం విఫలమైతే ‘కాష్‌లో లేదు’ అనుకుని అసలు చోటి నుంచి తెచ్చుకోవడం సబబే, ఎందుకంటే రెండు సందర్భాల్లోనూ తర్వాత చేసే పని ఒకటే. ఆ ఒక్క కారణం చూపగలిగిన చోట అలాగే ఉంచి, పక్కన ఒక కామెంటు రాయండి. చూపలేని చోట మార్చండి.

మార్చిన రోజే ఈ మెథడ్‌కు రెండు టెస్టులు రాయండి. మొదటిదానిలో డేటాబేస్ నడుస్తుండగా లేని నంబరుతో వెతకాలి, ఖాళీ ఆప్షనల్ రావాలి. రెండోదానిలో డేటాబేస్‌ను ఆపేసి ఉన్న నంబరుతో వెతకాలి, ఎక్సెప్షన్ రావాలి. ఇప్పుడున్న కోడ్ మీద రెండో టెస్టు తప్పకుండా ఫెయిల్ అవుతుంది. ఏమీ మార్చకముందే ఆ ఫెయిల్‌ను మీ సీనియర్‌కు చూపించి, ఆ తర్వాత కోడ్ మీద చెయ్యి వేయండి.